ప్రయారిటీ 200 ఇచ్చినా ట్రాఫిక్ రేడియో లింక్ మీదకీ పోతోంది, ఓఎస్పీఎఫ్ (రూటర్లు దారులు ఎంచుకునే ప్రోటోకాల్) తెలిసినవాళ్లు చెప్పండి

గాజువాక_కుర్రాడు:
సిరిపురంలో మా ఆఫీసు, గాజువాకలో గోడౌన్. మధ్యలో 1 జీబీపీఎస్ ఫైబర్, అది తెగితే పనికొస్తుందని 100 ఎంబీపీఎస్ రేడియో. రేడియో మల్టీకాస్ట్ (ఒక గుంపు మొత్తానికి ఒకేసారి పంపే ప్యాకెట్లు) దాటనివ్వట్లేదని నాకంటే ముందున్నాయన రెండింటినీ నాన్‌బ్రాడ్‌కాస్ట్ చేసి, మల్టీకాస్ట్ లేకుండా అవతలి రూటర్ అడ్రస్ చెప్పే నెయిబర్ లైన్లు రాసి వెళ్లారు. నేను ఫైబర్ నెయిబర్‌కి ప్రయారిటీ 200 ఇచ్చాను, అదే లైన్లో కాస్ట్ (దారి ఖర్చు, తక్కువున్న దారినే రూటర్ ఎంచుకుంటుంది) కూడా ఇచ్చి చూశాను, ఏం మారలేదు. షో ఐపీ రూట్ కొడితే గోడౌన్ నెట్‌వర్క్‌కి రెండు దారులూ 110/2 (110 ఓఎస్పీఎఫ్‌కి ఉండే ప్రాధాన్య సంఖ్య, 2 మొత్తం కాస్ట్) అనే వస్తున్నాయి, అంటే ట్రాఫిక్ రెండింటి మీదా పంచుకుంటోంది. సాయంత్రం బిల్లింగ్ టైంకి స్క్రీన్ తిరుగుతూనే ఉంటోంది, మహా టెన్షన్‌గా ఉంది.

కంచరపాలెం_సీనియర్:
ప్రయారిటీకీ దారికీ సంబంధం లేదండి. ఆ లింక్‌లో డీఆర్ (మిగతా రూటర్ల తరఫున సమాచారం పంచే రూటర్) ఎవరో తేల్చడానికే అది, అదీ ఒకసారి డీఆర్ కుదిరాక ఎక్కువ ప్రయారిటీ రూటర్ వచ్చినా పాతది దిగదు. నెయిబర్ లైన్లో కాస్ట్ పాయింట్-టు-మల్టీపాయింట్ అనే మరో లింక్ రకంలోనే పనిచేస్తుంది. సిస్కోలో రిఫరెన్స్ (దీన్ని లింక్ వేగంతో భాగిస్తే కాస్ట్ వస్తుంది, 1 కంటే తగ్గదు) మామూలుగా 100 ఎంబీపీఎస్, అందుకే 100కీ 1000కీ కాస్ట్ 1 పడుతోంది. ఆటో-కాస్ట్ రిఫరెన్స్-బ్యాండ్‌విడ్త్ 10000 అని అన్ని రూటర్లలోనూ పెట్టండి, ఫైబర్ 10, రేడియో 100 అవుతాయి.

మధురవాడ_నెట్:
ఆగండి, రేడియో కేబుల్ ఏ పోర్టుకి పెట్టారు? గిగాబిట్ పోర్టయితే పైన గాల్లో ఎంత వేగం పోతోందో రూటర్‌కి తెలీదు, రిఫరెన్స్ ఎంత పెంచినా రెండూ 10 దగ్గరే ఆగుతాయి. నేనూ ఇక్కడే ఒకసారి రాత్రంతా కూర్చున్నాను. రేడియో ఇంటర్‌ఫేస్ మీద ఐపీ ఓఎస్పీఎఫ్ కాస్ట్ 100 అని చేత్తో ఇవ్వండి, గాజువాక వైపు కూడా ఇవ్వాలి, ఎందుకంటే కాస్ట్ బయటికెళ్లే ఇంటర్‌ఫేస్‌దే లెక్క, ఒక్కవైపే మారిస్తే తిరుగు ట్రాఫిక్ సగం మళ్లీ రేడియో మీదే వస్తుంది.

గాజువాక_కుర్రాడు:
గిగాబిట్ పోర్టేనండీ! మీరిద్దరూ చెప్పినవి రెండు వైపులా చేశాను, ఇప్పుడు ఫైబర్ ఒక్కటే, 110/20. కానీ మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ని రూటర్ కేబుల్‌కి కలిపే డబ్బా) దగ్గర ఫైబర్ పీకి చూస్తే రేడియోకి మారడానికి దాదాపు రెండు నిమిషాలు పట్టింది.

మధురవాడ_నెట్:
పోర్టు లైటు వెలుగుతూనే ఉండుంటుంది, అందుకే ఫైబర్ తెగినట్టు రూటర్‌కి వెంటనే తెలీలేదు. నాన్‌బ్రాడ్‌కాస్ట్‌లో హలో (నేనున్నానని పంపే ప్యాకెట్) 30, డెడ్ (అది రాకపోతే నెయిబర్ పోయినట్టు లెక్కేసే సమయం) 120 సెకన్లు. ఫైబర్‌కి మల్టీకాస్ట్ ఇబ్బంది లేదు కదా, దాన్ని పాయింట్-టు-పాయింట్ (రెండే రూటర్ల లింక్) చేసి ఆ నెయిబర్ లైన్ తీసేయండి, హలో 10, డెడ్ 40కి దిగుతాయి, డీఆర్ గోలా ఉండదు. టైమర్లు కలవకపోతే నెయిబర్ పడిపోతుంది కాబట్టి రేడియో అడ్రస్ మీద లాగిన్ అయి ముందు గాజువాక రూటర్ మార్చి, తర్వాత సిరిపురం మార్చండి.