‘నగీలా వెనిస్మెఖా’ తర్వాత ‘వో’నా, ‘బాఖ్’నా?

“జె హయోమ్ అసా అదోనాయ్, నగీలా వెనిస్మెఖా…” హల్లేల్‌లోని (యూదులు పండుగలలో చదివే 113–118 కీర్తనలు) ఈ పాదం (‘ఇది దేవుడు చేసిన దినం, ఉల్లసించి సంతోషిద్దాం…’) చివర ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయాను. బో, వో, బాఖ్, ఏది? పెళ్ళిళ్ళలో పాడే ‘హవా నగీలా’లో ఆ మాటే లేదు.

— కీర్తన 118:24 అయితే ‘వో’. ‘బాఖ్’ పరమగీతం 1:4లోది.

— మూలంలో ఉన్నది ‘బో’ కదండీ?

— ముందు మాట అచ్చుతో ముగిసి, పారాయణ స్వరచిహ్నం రెంటినీ కలిపితే బేత్ (హీబ్రూ ‘బ’ అక్షరం) వకారమవుతుంది. కీర్తనలో ‘వెనిస్మెఖా’ మీద ఉన్నది మునాఖ్, కలిపే గుర్తు. పరమగీతంలో అదే మాట మీద పష్తా, విడదీసేది. అక్కడ విరామం పడి బకారం నిలిచింది. మన ‘వారు + పోరు = వారు వోరు’ లాంటిదే.

— పోలిక ముచ్చటగా ఉంది మాస్టారూ, కానీ గసడదవాదేశం పరుషాలకు. బేత్ సరళం. పైగా మనకది బహుళం.

— ధ్వని సరే, అర్థం మాటేమిటి? హీబ్రూలో ‘యోమ్’ పుంలింగం, కాబట్టి ‘వో’ (అందులో, ఆయనలో) రోజుకూ చెల్లుతుంది, దేవుడికీ చెల్లుతుంది. మన బైబిలు ‘దీనియందు’ అని రోజుకే కట్టేసింది. పరమగీతంలోనేమో ‘నిన్నుబట్టి’ అంది. రెంటికీ మధ్య ఉన్న ముడి అలా తెగింది. మిద్రాష్‌లో (రబ్బీల బైబిలు వ్యాఖ్యానం) రబ్బీ ఆవీన్ చెప్పింది ఆ ముడి గురించే: సంతోషించాల్సింది రోజులోనా, దేవుడిలోనా తెలియక ఉంటే, సొలొమోను వచ్చి ‘బాఖ్’, నీలో, అని విప్పాడు.

— ‘వానియందు’ అంటే సరి. వాడికీ అవికీ ‘వాని’యే.

— అవి బహువచనం. దినం ఒక్కటే కదా!

— ఈ వచనం రెండుసార్లు చదివేది అందుకే: ఒకటి రోజుకు, ఒకటి దేవుడికి.

— కాదండీ, 21 నుంచి 29 దాకా అన్నీ రెండేసిసార్లే. అంతకు ముందువి వాటంతటవే జంటలుగా ఉన్నాయి. 25ను మాత్రం సగానికి విరుస్తారు. ‘అన్నా అదోనాయ్ హోషియా నా’ హజ్జాన్ (ప్రార్థన నడిపే గాయకుడు) అంటాడు, సభ అంటుంది, మళ్ళీ ఇద్దరూ. ఆ తర్వాతే ‘హత్స్లీఖా నా’. వచనమంతా ఒక్క ఊపున చదివితే సభతో జత తప్పుతుంది. సుక్కోత్‌లో (పర్ణశాలల పండుగ) లులావ్ (ఖర్జూరపు మట్ట) ఊపేది ‘హోషియా’ దగ్గర, ‘హత్స్లీఖా’ దగ్గర కాదు. దేవుని నామం పలికేటప్పుడు చెయ్యి కదలకూడదు.

— హీబ్రూ అక్షరాలకు సంఖ్యలుంటాయి: ‘బాఖ్’లో బేత్ 2, కాఫ్ 20, మొత్తం 22. తోరా (ధర్మశాస్త్రం) రాసిన 22 అక్షరాలలోనే ఆనందమని మిద్రాష్ తీసిన లెక్క ఇది. ‘వో’ అయితే 8. హనుక్కా (దీపాల పండుగ) ఎనిమిది రోజులూ పూర్తి హల్లేలే!

— ప్రవాసంలో (ఇశ్రాయేలు బయట) పస్కా కూడా ఎనిమిది రోజులే. పూర్తి హల్లేల్ మొదటి రెండు రోజులకే. మిగతా ఆరు రోజులూ 115, 116 కీర్తనలు రెంటిలోనూ మొదటి 11 వచనాలు వదిలేస్తారు.