పోస్టర్‌లో ఆ సీజియం వాక్యం ఉంచాలా, తీసెయ్యాలా?

ఓరుగల్లు_బీటా: హన్మకొండ సైన్స్ డే పోస్టర్ మీద పిల్లలు ఇట్ల రాసిన్రు: "అణు పేలుడు మేఘంలోంచి విమానం తెచ్చిన ఫిల్టర్ కాగితంపై సీజియం-137 కొలిస్తే పేలుడు ఎంత పెద్దదో తెలుస్తుంది." ఉంచుదామనే నా మాట. సోవియట్లు 1949 ఆగస్టు 29న పేల్చితే, సెప్టెంబర్ 3న జపాన్–అలాస్కా నడుమ తిరిగిన అమెరికా విమానం ఫిల్టర్‌తోనే గుట్టు రట్టయింది గద.

గ్రానైట్‌గుట్ట: తీసెయ్యుండ్రి. సీజియం-137 అంటే అణు పేలుడులో పుట్టే రేడియోధార్మిక పదార్థం, చాలామటుకు జెనాన్-137 నుంచి వస్తది. ఆ జెనాన్ వాయువు, దాని అర్ధాయువు (సగం తరిగిపోయే కాలం) 3.8 నిమిషాలు. అగ్నిగోళం చల్లారి జిర్కోనియం లాంటి లోహాలు కణాలుగ గడ్డకట్టేటప్పటికి సీజియం ఇంకా పుట్టనే లేదు. పుట్టినంక దొరికిన కణం పైపొరకు అంటుకుంటది. ఒకే బరువు తీసుకుంటే చిన్న కణాలకే పైపొర ఎక్కువ. నేలమీది పేలుడైతే పెద్ద కణాలు దగ్గర్లనే రాలిపోతయి, పైన తేలే మేఘంలో జిర్కోనియం-95తో పోలిస్తే సీజియం ఎక్కువైతది. కాగితం ఏ ఎత్తున పట్టిన్రో దాన్నిబట్టి జవాబు మారుతది.

పాకాల_పిల్లగాడు: అన్నా, గాలి పీల్చుడు సరిగ్గుంటే ఈ లొల్లి ఉండది గద?

గ్రానైట్‌గుట్ట: అది ఇంకో తిప్పలు. ఫిల్టర్ ఉన్న గొట్టంలోకి గాలి పోయే వేగం బయటి గాలి వేగానికి సమానంగ ఉండాలె. లోపలి వేగం తక్కువైతే గాలి పక్కకు మళ్లుతది, పెద్ద కణం మాత్రం తన ఊపులో నేరుగా లోపటికే వస్తది. పెద్దవి లెక్కకు మించి చేరుతయి, సీజియం తక్కువున్నట్టు కనబడతది.

ఓరుగల్లు_బీటా: నేనడిగింది గొట్టం గురించి కాదు. 1949 సంగతికి జవాబేది?

రామప్ప_ఇటుక: మళ్లా 1949. పోయిన నెల థ్రెడ్ల గూడ ఇదే.

గ్రానైట్‌గుట్ట: ఆ కాగితం "ఏదో జరిగింది" అన్నది. అంతే. తర్వాత ఇంకిన్ని విమానాలు పోయి నమూనాలు తెచ్చినయి, రసాయనికంగా విడదీసినంకనే సంగతి తేలింది.

మడికొండ_మాస్టారు: మన దగ్గరైతే కాగితం తీసిన వెంటనే కొలవకుండ్రి. గ్రానైట్ నేల, రేడాన్ సంతానం (నేలలోంచి వచ్చే రేడాన్ వాయువు విరిగి పుట్టే రేడియోధార్మిక కణాలు) నిండా ఉంటది. వాటిల ఒకటైన బిస్మత్-214 గామా కిరణం శక్తి 609, సీజియంది 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. మామూలు సోడియం అయొడైడ్ డిటెక్టర్‌ల (గామా కొలిచే పరికరంల) గ్రాఫ్ మీద ఈ రెండు దిమ్మెలు ఒకదానిమీద ఒకటి ఒరుగుతయి. రేడాన్ పిల్లలు మూడు నాలుగు గంటల్ల తగ్గుతయి. థోరాన్ (రేడాన్‌లోనే ఇంకో రకం) వైపు సీసం-212కు 10.6 గంటల అర్ధాయువు, అది నూరో వంతుకు పడాలంటే మూడు రోజులు ఆగాలె. అందుకే కొన్ని గంటలకోసారి, మూడు రోజులకోసారి, రెండుసార్లు కొలవాలె, లేకుంటే పేలుడులో పుట్టే అయోడిన్-133 లాంటి పొట్టి ఆయుష్షువి చేజారుతయి.

ఓరుగల్లు_బీటా: సార్, ఆ దిమ్మెల్ని విడదీసి చూపే జర్మేనియం డిటెక్టర్ పిల్లల పోస్టర్‌కు కొనమంటరా? ప్రతి వాక్యానికి వంద షరతులు పెడితే ఎవరు చదువుతరు!

గ్రానైట్‌గుట్ట: షరతులు వద్దంటే తప్పు రాయాల్నా? మీకు పేలుడు సంగతి అక్కర లేదు, సీజియం అన్న పేరే కావాలె.

ఓరుగల్లు_బీటా: అవును, కావాలె! పోస్టర్ చూసేటోడికి బాంబు ఎంతదో కాదు, తన చేన్ల ఏం పడ్డదో కావాలె. ముప్పై ఏళ్ల అర్ధాయువున్నది అదే. జిర్కోనియం-95 అయితే 64 రోజులే.

గ్రానైట్‌గుట్ట: ఇదీ అసలు సంగతి. మీరు నేలమీద పడ్డదాన్ని లెక్కపెడుతున్రు, నేను పేలిందాన్ని. అయితే వాక్యంలోంచి "పేలుడు ఎంత పెద్దదో" తీసెయ్యుండ్రి, "నేలమీద ఎంత మిగిలిందో" అని రాయుండ్రి. ఇంకోటి: సీజియం కనబడంగనే కొత్త పేలుడు అనద్దు. వాతావరణంలో ఆఖరి పరీక్ష 1980 అక్టోబర్ 16న చైనాది, అప్పటి ధూళి ఇప్పటికీ లేస్తది. పక్కన, పేలుడులోనే పుట్టే 12.75 రోజుల అర్ధాయువున్న బేరియం-140 లేకుంటే అది పాతదే.

ఓరుగల్లు_బీటా: "నేలమీద" సరే. మరి విమానం బొమ్మ?

రామప్ప_ఇటుక: చేను బొమ్మ పెట్టు.

ఓరుగల్లు_బీటా: విమానం తియ్య. పిల్లలు రెండు దినాలు గీసిన్రు.