ప్లాట్‌ఫారం కుటుంబాలకు పెరుంబాక్కంలో సొంత ఇల్లా, ఊళ్లోనే అద్దె సాయమా?

ప్యారిస్ గుమాస్తా (చర్చ ప్రారంభించినవారు)

చెన్నై ప్యారిస్ ప్రాంతంలో, బ్రాడ్వే దగ్గర ఒక టోకు దుకాణంలో ఇరవై రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. రాత్రి తొమ్మిదిన్నరకు మేము షట్టరు దించగానే ఆ ముందు మెట్టు మీద ఒక కుటుంబం పక్క పరుచుకుంటుంది. పొద్దున మేము తెరిచేసరికి అక్కడ ఊడ్చిన నేల తప్ప మరేమీ కనిపించదు. సామానంతా టార్పాలిన్ మూటగా మారి కరెంటు పెట్టె వెనక్కి చేరిపోయి ఉంటుంది. మనం ఫుట్‌పాత్ అంటాం గాని, అక్కడ బతికేవారంతా దాన్ని ప్లాట్‌ఫారం అంటారు. ఆ ఇల్లాలు పుట్టింది ఆ ప్లాట్‌ఫారం మీదే, ఆమె తల్లి కన్నుమూసిందీ అక్కడే.

కొన్నేళ్ల కిందట వారికి నగర శివారు పెరుంబాక్కంలో బోర్డు ఇల్లు (గుడిసెవాసులకు ప్రభుత్వ బోర్డు కట్టించే ఇల్లు) వచ్చింది. పద్నాలుగు నెలలు ఉండి తిరిగి వచ్చేశారు. ఇల్లిస్తే నిలబెట్టుకోలేకపోయారని మా వీధిలో అందరూ తప్పు పట్టారు, మొదట్లో నేనూ పట్టాను. తరవాత కూర్చుని లెక్క వేశాను. ఆయనది లారీల నుంచి సరుకు దింపే పని, తెల్లవారుజామున నాలుగింటికి ఇక్కడ ఉండాలి. ఆమె పూక్కడై వైపు వెళ్లి పూలు తెచ్చి, మూరల లెక్కన కట్టి అమ్ముతుంది. పెరుంబాక్కం ఇక్కడికి పాతిక కిలోమీటర్ల పైమాటే. నాలుగింటి పనికి అందాలంటే ముందు రాత్రే రావాలి. వస్తే పడుకునేది ఈ మెట్టు మీదే కదా!

ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2010లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే ఆశ్రయాలు నడపాలని ఆదేశించింది. 2013లో జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ దానిని పథకంగా మార్చి, మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటుండాలని నియమం పెట్టింది. 2011లో విస్తరించిన మన నగరానికి ఆ ఏటి జనగణన ప్రకారం సుమారు 67 లక్షల జనం, అంటే అప్పటి లెక్కకే 67 ఆశ్రయాలు ఉండాలి. స్వచ్ఛంద సంస్థల చేత కార్పొరేషన్ నడిపిస్తున్న ఆశ్రయాల్లో ఒంటరి మగవారికీ, ఒంటరి ఆడవారికీ, పెద్దాసుపత్రులకు రోగులతో వచ్చినవారికీ చోటుంది. తల్లి, తండ్రి, పిల్లలు ఒక్కచోట ఉండగలిగినవి అరుదు.

కాబట్టి నా వాదన ఇది. ఆశ్రయంలో కుటుంబం చీలిపోతుంది, శివారులో పని పోతుంది. పని చోటికి రెండు మూడు కిలోమీటర్ల లోపల అద్దె ఇల్లు చూపించి, కొన్నేళ్లపాటు అద్దెలో కొంత భాగం ప్రభుత్వమే కట్టడం మేలు. మీరేమంటారు?

విశ్రాంత ఇంజినీరు, అణ్ణా నగర్

గుమాస్తా గారి మనసు మంచిదే, కాని ఆయన లెక్కలో భూమి ధర లేదు. కుడిసై మాట్రు వారియం, అంటే గుడిసెల మార్పిడి బోర్డు, అని ఇప్పటికీ అందరూ పిలిచే బోర్డు 1970లో ఏర్పడింది (2021లో పేరు మార్చి పట్టణ ఆవాస అభివృద్ధి బోర్డు అన్నారు). తొలి రోజుల్లో గుడిసెలున్న చోటే మేడలు కట్టింది. ఆ వీలు ఉన్నంతకాలం బాగానే సాగింది. ఇప్పుడు బ్రాడ్వే ఉన్న జార్జ్ టౌన్‌లో ఖాళీ స్థలం చూపించండి, నేనే వచ్చి ముగ్గు పోస్తాను.

ఇక అద్దె మాటకొస్తే, ఈ కుటుంబాలకు ఇల్లిచ్చే యజమాని ఎవరు? మన ఊళ్లో పది నెలల అడ్వాన్సు అడగడం పాత అలవాటు. 2017 నాటి అద్దె చట్టం మూడు నెలలకు మించకూడదంది గాని, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే ఎక్కువ తీసుకోవచ్చన్న వెసులుబాటూ అందులోనే ఉంది. పైగా ఏ ఊరు, ఏం పని, ఏం తింటారు అన్న ప్రశ్నలకు ఏ చట్టమూ అడ్డు రాదు. ఒకవేళ ఇల్లు దొరికినా, ఏదో ఒక బడ్జెట్‌లో ఆ పద్దు కొట్టేస్తే మర్నాడే కుటుంబం వీధిన పడుతుంది. ఆడవారి పేర, లేదా ఇద్దరి పేర ఉమ్మడిగా రాసిన ఇంటిని అలా లాక్కోలేరు. ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో ఆ నియమం పెట్టిందీ అందుకే. దూరం నిజమే, కాని 2021 నుంచి ఆడవారికి మామూలు సిటీ బస్సుల్లో టికెట్టు లేదు కదా.

షోళింగనల్లూరు టెక్కీ

ఇంజినీరు గారి మాటకు ఒకటి జోడిస్తాను. పెరుంబాక్కం దగ్గరి పాత మహాబలిపురం రోడ్డు ఇప్పుడు శివారు కాదు. మా ఆఫీసు ఊడ్చేవారు, క్యాంటీన్‌లో వడ్డించేవారు, కాపలాదారులు చాలామంది బోర్డు కాలనీలైన కణ్ణగి నగర్ నుంచీ పెరుంబాక్కం నుంచీ వచ్చేవారే. పని అక్కడికే వచ్చినప్పుడు బ్రాడ్వేకి పరుగెత్తడం దేనికి?

తోరైపాక్కం అక్క

ఇక్కడ ప్లాట్‌ఫారం మీద పెరిగింది నేనొక్కదాన్నే అనుకుంటాను, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

మా అమ్మ నెల్లూరు వైపు నుంచి వచ్చింది. మేము మింట్ వీధిలో ఒక గిడ్డంగి గోడ పక్కన ఉండేవాళ్లం. ఆడపిల్లకు అక్కడ రోజు తెల్లవారుజామున మూడున్నరకు మొదలవుతుంది, ఎందుకంటే స్నానం చేయగలిగే వేళ అదొక్కటే. ఇద్దరు ఆడవాళ్లు చీర అడ్డం పట్టుకుని నిలబడితే మూడో ఆమె చెంబుడు నీళ్లు పోసుకునేది. వంతు మారేసరికి పాల వ్యాను వచ్చేసేది. డబ్బులిచ్చి వెళ్లే కక్కసుదొడ్డి రాత్రి పదింటికి మూసేసేవారు కనుక పొద్దుగూకాక నీళ్లు తాగేవాళ్లం కాదు. అది అలవాటైపోయి, ఈ వయసులో కూడా సాయంత్రం గ్లాసు పట్టుకుంటే చెయ్యి ఆగుతుంది.

కణ్ణగి నగర్‌లో మాకు ఇచ్చిన ఇల్లు రెండువందల చదరపు అడుగులు కూడా లేదు. అయినా మొదటి రాత్రి అమ్మ నిద్రపోలేదు. లేచి లేచి తలుపు దగ్గరికి వెళ్లి గడియ తీసి, మళ్లీ వేసి చూసుకునేది. లోపలి నుంచి వేసుకునే గడియ తన చేతిలోకి రావడం ఆమెకు అదే మొదలు. ఇల్లు వద్దనే వారెవరైనా ఉంటే ఈ గడియ సంగతి తెలియకనే అని నా నమ్మకం.

ఇక రెండో మాట. అమ్మ షావుకారుపేటలో నాలుగిళ్లలో అంట్లు తోమేది. పొద్దున ఆరింటికల్లా రావాలన్న రెండిళ్లు మొదటి నెలలోనే పోయాయి. నేను చదివే కార్పొరేషన్ బడిలో తెలుగు మాధ్యమం ఉండేది, కొత్త చోట తెలుగు మాధ్యమం లేదు. టీసీ కోసం మూడుసార్లు తిరిగాక, తమిళం రాదని ఒక తరగతి కిందికి వేశారు. అంటే ఏడాది పోయింది. మా తమ్ముడు అసలు చేరనే లేదు. నీళ్ల లారీ కోసం నిలబడడం, జ్వరం వస్తే ఊళ్లోకి పరుగెత్తడం, ఇవన్నీ చాలా ఏళ్లు నడిచాయి. బడీ, ఆసుపత్రీ, బస్సూ ఇళ్లతోపాటే రాలేదు. మేము వచ్చి, పడాల్సినవన్నీ పడ్డాక ఒక్కొక్కటే వచ్చాయి.

టెక్కీ తమ్ముడూ, పని అక్కడే ఉందన్నారు, నిజమే. నేను కూడా అలాంటి ఆఫీసులోనే పనిచేశాను. కాని మొదటిసారి దరఖాస్తులో కణ్ణగి నగర్ చిరునామా రాస్తే కాగితం వెనక్కి వచ్చింది. రెండోసారి తోరైపాక్కం అని మాత్రం రాసి చేరాను. ఈ వేదికలో నా పేరు కూడా అలాగే వచ్చింది. 2020లో మా బ్లాకుల గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేశారు, చూడడానికి జనం వచ్చారు. 2025లో బహ్రెయిన్‌లో ఆసియా యువ క్రీడల్లో స్వర్ణం గెలిచిన మన బాలికల కబడ్డీ జట్టులో మా కణ్ణగి నగర్ అమ్మాయి ఉంది. ఇప్పుడిప్పుడే పిల్లలు ఆ పేరు దాచకుండా చెబుతున్నారు.

చూళై పంతులమ్మ

అక్క చెప్పిన ఆ ఏడాదిని నేను అటు పక్క నుంచి చూశాను. జూన్‌లో చేరిన పిల్లల్లో ఇద్దరు ముగ్గురు నవంబరుకల్లా ఉండరు. ఎందుకని అడిగితే, బోర్డు వారు ఇళ్లిచ్చారు, వెళ్లిపోయారు అంటారు. సెలవుల్లో తరలిస్తే ఏం పోతుందో నాకు అర్థం కాదు. 2022 సెప్టెంబరులో ప్రాథమిక బడుల్లో ఉదయం ఫలహారం మొదలయ్యాక ప్లాట్‌ఫారం పిల్లలు గంట కొట్టకముందే వచ్చి కూర్చుంటున్నారు. అలాంటి పిల్లవాడిని నడి సంవత్సరంలో లేపేస్తే, కొత్త బడిలో చేర్చేదాకా ఆ పూట తిండి కూడా పోతుంది.

ఆశ్రయాల గురించి గుమాస్తా గారు ఒక్క వాక్యంలో తేల్చేశారు. మా బడి పిల్లవాడి సంగతి చెబుతాను. తల్లికీ చెల్లికీ ఆడవారి ఆశ్రయంలో చోటు దొరికింది. పదమూడేళ్లవాడు కనుక అతణ్ణి అక్కడ ఉంచకూడదన్నారు, మగపిల్లల ఆశ్రయానికి పంపారు. మూడో రాత్రికి అతడు అక్కడ లేడు. వెతికితే పాత చోటే, అదే గోడ పక్కన ఒంటరిగా పడుకుని కనిపించాడు. అమ్మ తిరిగి వస్తే తాను ఎక్కడున్నాడో తెలియాలి కదా అన్నాడు. ఆశ్రయం ఉండాలి, కాని దాన్ని కుటుంబం మొత్తానికి రెండు మూడు నెలల మజిలీగా నడపాలి. జనన ధ్రువపత్రం, ఆధార్, రేషన్ కార్డు, బడి, పింఛను, వీటి పనులన్నీ అక్కడే కూర్చోబెట్టి పూర్తి చేయించి, ఆ తరవాతే ఇంటికి పంపాలి. ఈ అనుసంధానం ఆశ్రయాల పని అని పథకం నియమావళిలోనే ఉంది. మాకు తెలిసిన చోట ఆ పని ఒక్క మనిషి మీద పడింది, అతడే రాత్రి కాపలా కూడా.

విశ్రాంత ఇంజినీరు, అణ్ణా నగర్

అమ్మా, సెలవుల్లోనే తరలించాలన్న మాటకు నేను తలవంచుతున్నాను. ఖర్చు లేని సవరణ అది. గడియ సంగతి నా వాదనకే బలం, అయినా ఆ పక్కనే ఉన్న మిగతా మాటలు నన్ను ఇరకాటంలో పెట్టాయి.

ఒక పాయింటు మాత్రం వదలను. ఊళ్లోనే అద్దె సాయమని ప్రకటిస్తే ఎవరికివ్వాలి? ఏ తేదీ నాటికి ప్లాట్‌ఫారం మీద ఉన్నవారిని లెక్కలోకి తీసుకోవాలి? రాత్రి పన్నెండింటికి తిరిగి లెక్క రాస్తేనే నిజం తెలుస్తుంది, పగలు రాస్తే సగంమంది పనుల్లో ఉంటారు. ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. బొంబాయి ప్లాట్‌ఫారం వాసుల ఓల్గా టెల్లిస్ కేసులో బతుకు తెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పు, ప్లాట్‌ఫారాన్ని శాశ్వతంగా ఆక్రమించుకునే హక్కు ఎవరికీ లేదని కూడా చెప్పింది. మనవాళ్లు మొదటి సగమే చదువుతారు.

నా ప్రతిపాదన వేరు. పులియాంతోపు, మూలకొత్తళం వంటి చోట్ల, అంటే పని చోటుకు దగ్గరలోనే, బోర్డు అంతస్తుల మేడలు కట్టింది. ప్రభుత్వ ఖాళీ ఇళ్లను వలస కూలీలకు అద్దెకివ్వడానికి 2020లో కేంద్రం ఒక పథకం తెచ్చింది. ఆ పద్ధతిలో ఊరి లోపలి ఇళ్లలో కొన్ని అద్దెకు మాత్రమే అని కేటాయించవచ్చు. కట్టడం సరిగ్గా ఉండాలి సుమా. 2021లో పులియాంతోపు కె.పి. పార్కు మేడలో గోడ పూత వేలితో గీస్తే రాలిందన్న వార్త చూసి, ఇంజినీరుగా నేను సిగ్గుపడ్డాను.

ప్యారిస్ గుమాస్తా

ఖాళీ ఇళ్లను అద్దెకివ్వాలన్న మాటతో ఏకీభవిస్తున్నాను. అవి చాలనప్పుడు ప్రైవేటు ఇళ్లకు సాయం చేయాలన్నదే ఇక నా వాదన. పని మారితే మనుషులూ కదులుతారని ఒప్పుకుంటాను. 1996లో కొత్వాల్ చావడి కూరగాయల టోకు మార్కెట్టు కోయంబేడుకు వెళ్లినప్పుడు మూటలు మోసేవారిలో చాలామంది వెంట వెళ్లారు. వాళ్లను పంపింది పని. పెరుంబాక్కం విషయంలో మనుషులను ముందు పంపి, పని తరవాత వస్తుందన్నాం.

నిన్న రాత్రి మెట్టు మీద ఆ ఇల్లాలిని అడిగి ఆమె ఖర్చు రాసుకున్నాను. నలుగురు మనుషులు, కక్కసుకు రోజుకు రెండేసిసార్లు, మనిషికి ఐదు రూపాయల చొప్పున నెలకు 1,200. స్నానానికి పదిహేను రూపాయలు, రోజు విడిచి రోజు, నలుగురికి కలిపి 900. రెండు ఫోన్లు ఛార్జి చేయించుకోవడానికి పక్క కొట్టువాడు రోజుకు ఇరవై తీసుకుంటాడు, అది 600. మూట పెట్టుకోనిచ్చినందుకు కాపలాదారుకు 300. మొత్తం 3,000. పొయ్యి లేదు కనుక కూడు ఎక్కువగా కొనుక్కునేదే. కార్పొరేషన్ చవక క్యాంటీన్ అమ్మ ఉణవగంలో రూపాయి ఇడ్లీ దొరికినన్నాళ్లూ అది లెక్కలోకి రాలేదు, రాత్రి పూట మాత్రం బండి మీద కొంటారు. ఇంజినీరు గారూ, ఆమెకు అద్దె కట్టే శక్తి లేదని మనం అనుకుంటున్నాం. ఆమె ప్రతినెలా కడుతూనే ఉంది, రసీదు లేదు.

తోరైపాక్కం అక్క

గుమాస్తా గారూ, మీ లెక్కలో ఒక పద్దు తప్పింది. వర్షాకాలంలో తడిసి పోయిన పిల్లల పుస్తకాలు, బట్టలు మళ్లీ కొనాలి. మా ఇంట్లో అది ఏటా జరిగేది.

విశ్రాంత ఇంజినీరు, అణ్ణా నగర్

ఆ 3,000 రూపాయల లెక్కను నేను ఊహించలేదు, ఒప్పుకుంటున్నాను. అయితే నా అసలు ప్రశ్న అలాగే ఉంది. రాయపురంలోనో చాకలిపేటలోనో ఒక గది దొరికిందే అనుకుందాం. అడ్వాన్సు ప్రభుత్వమే ఇస్తుందనుకుందాం. ఇల్లుగలాయన పూచీ అడుగుతాడు కదా, ఆ అగ్రిమెంటు మీద సంతకం ఎవరు చేస్తారు?

ప్యారిస్ గుమాస్తా

మా యజమానిని ఈ పొద్దున అడిగాను. ఆ కుటుంబం పదకొండేళ్లుగా ఆయన షట్టరు ముందు పడుకుంటోంది, ఒక్క తాళం కూడా పోలేదు. ఆదివారం చెబుతానన్నారు.