స్వాట్ 4 ఎలీట్‌లో 95 మార్కుల నిబంధన: ఆటకు ప్రాణమా, అనవసరపు చాదస్తమా?

రెడ్‌టీమ్:
2005లో వచ్చిన స్వాట్ 4 అనే కంప్యూటర్ గేమ్ గురించి ఎక్కడ మాట మొదలైనా చివరికి అందులో అన్నిటికంటే కష్టమైన స్థాయి ఎలీట్ దగ్గరికే వస్తుంది. ఆడనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. ఐదుగురు పోలీసుల బృందానికి మనం నాయకులం. మిషన్ అయ్యాక 100కి మార్కులు వేస్తారు. ఈజీలో ఎన్ని వచ్చినా పాసే. నార్మల్‌లో 50, హార్డ్‌లో 75, ఎలీట్‌లో 95 రావాలి. మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు.

ఆ 95 లేకపోతే ఈ ఆట ఇన్నేళ్లు మనసులో నిలిచేది కాదని నా గట్టి నమ్మకం. మామూలు షూటర్లలో (కాల్పుల గేముల్లో) తుపాకీ పట్టుకున్నవాడు కనబడితే చాలు, కాల్చేస్తాం. ఇక్కడ ముందు లొంగిపొమ్మని అరవాలి. వాడు తుపాకీ మనవైపో, బందీవైపో ఎత్తకముందే కాల్చామా, అక్రమ బలప్రయోగం కింద మార్కులు కోసేస్తారు. వాడు కింద పడేస్తాడా, ఎత్తుతాడా అని చూసే ఆ క్షణంలో ఉండే టెన్షన్ నాకు ఇంకే ఆటలోనూ దొరకలేదు. మీరేమంటారు?

పాతగేమర్:
రెడ్‌టీమ్ గారూ, ఆ టెన్షన్ గురించి మీరన్నది అక్షరాలా నిజం. నాకూ ఈ ఆటంటే ప్రాణం. కానీ 95కి అడ్డుపడేది అదొక్కటే కాదు కదా. బందీలంతా క్షేమం, నేరస్తులకు బేడీలు వేశాం, అయినా మిషన్ ఫెయిల్! ఎందుకయ్యా అంటే ఎక్కడో ఒక తుపాకీ తీసుకోవడం మర్చిపోయాం, పడిపోయిన మనిషి గురించి కంట్రోల్‌కి రిపోర్ట్ చేయలేదు, మన వాడొకడు కూలిపోయాడు. ఇలా చిన్నాచితకా కోతలన్నీ కలిసి ముంచేస్తాయి. పైగా ఓల్డ్ గ్రానైట్ హోటల్ లాంటి పెద్ద మిషన్‌లో చివరి గదిలో దెబ్బతింటే మళ్లీ మొదటి తలుపు నుంచి రావాలి. దాన్ని నేను నైపుణ్యానికి పరీక్ష అనను, ఓపికకు పరీక్ష అంటాను.

బ్లూటూ:
ఇలాంటిదే ఇంకో గేమ్ రెయిన్‌బో సిక్స్, దాని మొదటి భాగం (1998) ఇంతకంటే కఠినం కదా? ఒక్క తూటాకే మనిషి పోతాడు, పోయినవాడు తర్వాతి మిషన్లకు ఉండడు. కానీ అక్కడ మార్కుల గొడవ లేదు. కష్టం అంటే అలా ఉండాలి. పాతగేమర్‌తో ఏకీభవిస్తున్నా.

తలుపుచాటు:
బ్లూటూ, రెయిన్‌బో సిక్స్‌లో మిషన్‌కు ముందే మ్యాప్ మీద ఎవరు ఎటు వెళ్లాలో గీసుకుంటాం. శత్రువును చంపడం అక్కడ తప్పు కాదు. స్వాట్ 4లో ముందస్తు ప్లాన్ గీసే వీలే లేదు, మనుషుల చోట్లు కూడా ఆడిన ప్రతిసారీ మారిపోతాయి. రెండింటినీ ఒకే గాటన కట్టలేం.

పాతగేమర్ అన్న తుపాకీ వెతుకులాట గురించి నా అభిప్రాయం వేరు. ఫెయిర్‌ఫాక్స్ ఇంటి మిషన్ గుర్తుందా? అపహరణకు గురైన అమ్మాయి కోసం ఒక హంతకుడి ఇంట్లోకి వెళ్తాం. వాడి తల్లి ఇంట్లోనే ఉంటుంది. తలుపు దగ్గర ఆగి, ఆప్టివాండ్ కెమెరాను కింది సందులోంచి దూర్చి, అటూ ఇటూ తిప్పి చూస్తాం. గదిలో చిందరవందర సామాను, మనిషి జాడ లేదు. వెనక నుంచి ఎవరూ రాకుండా ఇంకో తలుపుకి వెడ్జ్ (తలుపు తెరుచుకోకుండా ఆపే చీల) పెడతాం. ఇలా గది గదికీ ఆగుతూ నేలమాళిగకు దిగితే, గోడలకు వరుసగా మనుషుల ముఖాల అచ్చులు. కాల్పుల్లేవు, ఎవరూ మీద పడలేదు, అయినా వెన్నులో చలి పుడుతుంది.

ఈజీలో పరిగెత్తుకుంటూ పోయేవాడు ఆ గోడను సరిగా చూడను కూడా చూడడు. ఈ ఆట తయారుచేసిన ఇరాషనల్ గేమ్స్ వాళ్లు కథలో సగాన్ని ఆ గదుల్లోనే దాచారు. ఆయుధం వదలకూడదు, మనిషిని వదలకూడదు అనే నియమం వల్లే మనం ప్రతి మూలా వెతుకుతాం. వెతికాం కాబట్టే ఇన్నేళ్లయినా ఆ ఇల్లు గుర్తుంది. మీరు చాదస్తం అంటున్నదే మనకు ఆ ఇంటిని చూపించింది.

రెడ్‌టీమ్:
తలుపుచాటు గారూ, నేను చెప్పలేకపోయింది మీరు చెప్పారు. ఇంకొకటి: చంపితే వచ్చేదానికంటే ప్రాణాలతో పట్టుకుంటే ఎక్కువ మార్కులు. అందుకే పెప్పర్ స్ప్రే, కరెంట్ షాక్ ఇచ్చే టేజర్, వెలుగుతో శబ్దంతో దిమ్మతిరిగేలా చేసే ఫ్లాష్‌బ్యాంగ్ అన్నీ నిజంగా పనికొస్తాయి. ఎలీట్‌లో ఆడేదాకా వాటి విలువ తెలియదు.

పాతగేమర్:
ఫెయిర్‌ఫాక్స్ మాట కాదనలేను. అయితే అది చిన్న ఇల్లు, అక్కడ వెతకడంలో అర్థం ఉంది. హోటల్ అంతా అంతే నిదానంగా తిరగమంటే ఆ భయం కాస్తా విసుగైపోతుంది. అందుకే 75 దగ్గర ఆగినా ఆట రుచి మొత్తం దక్కుతుందనే నా మాట, దాన్ని మార్చుకోను. సేవ్ విషయంలో మాత్రం మీ పక్షమే. మధ్యలో సేవ్ ఉండి ఉంటే ప్రతి తలుపు ముందూ సేవ్ కొట్టి, తన్ని లోపలికి దూకేవాళ్లం. ఆప్టివాండ్‌ను ఎవరూ బయటికే తీసేవారు కాదు.