సమస్య: పాడె మీది శవము పాట పాడె

హనుమకొండ (నిర్వాహకుడు):
ఈ నెల సమస్య ఇదిగో.

పాడె మీది శవము పాట పాడె

ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే, పా–పా యతి కుదిరింది. షరతు ఒక్కటే: ఈ రెండు మూడేళ్ళలో వచ్చిన రాక్ పాటో, ఆల్బమో, దాని మీద మన కొట్లాటో పూరణలో కనబడాలి. అమెరికా రాక్ బ్యాండ్ లింకిన్ పార్క్ పోయిన గాయకుడి చోట కొత్త గాయనిని తెచ్చుకుందని పోయిన వారం మొదలైన గొడవ రాత్రి రెండింటి దాకా సాగింది. పద్యంలో తిట్టుకుంటే గణాలు లెక్కపెట్టుకునేంత సేపైనా కోపం ఆగుతుందని ఆశ.

కాజీపేట:
నైట్ డ్యూటీ దిగి రాసింది. బోణీ నాదే.

నలువదేండ్ల మునుపు నాటి క్యాసెట్టులో
హోరులోన మునిగియున్న గొంతు
యంత్రమొకటి వచ్చి యలజడి తొలగింప
పాడె మీది శవము పాట పాడె.

ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ వాళ్ళ ‘నౌ అండ్ దెన్’. 2023 నవంబర్ 2న వచ్చింది. ఆ బ్యాండ్ గాయకుడు జాన్ లెనన్ డెబ్బైల చివర్లో ఇంట్లో పియానో ముందు కూర్చుని క్యాసెట్‌లో పాడుకున్న పాట. 1980 డిసెంబర్‌లో ఆయన్ని కాల్చేశారు. 1994లో ఆయన భార్య యోకో ఓనో ఆ క్యాసెట్ తోటి బీటిల్ పాల్ మెకార్ట్‌నీ చేతికిచ్చింది. మరుసటి ఏడాది మిగిలిన ముగ్గురూ కూర్చుని కుస్తీ పట్టారు గానీ టేపులో హోరు, దానికి తోడు గొంతును మింగేసే పియానో. విసిగి వదిలేశారు. మళ్ళీ ఇన్నేళ్ళకు, సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం తయారు చేసుకున్న సాఫ్ట్‌వేర్ గొంతును పియానో నుంచి ఒలిచి తీసింది.

కరీంనగర్:
తమ్మీ, బాగుంది. రెండు సందేహాలు. ఒకటి, ‘నాటి క్యా’ దగ్గర క్యా సంయుక్తాక్షరం కదా, దాని ముందున్న ‘టి’ గురువు కాదా? అయితే గణం పోయినట్టే. రెండోది, డెబ్బైల చివర నుంచి 2023 అంటే నలభై ఐదు దాటింది. యతి కోసం ఐదేళ్ళు మింగావు.

హనుమకొండ:
‘నాటి’ తెలుగు మాట, ‘క్యాసెట్టు’ వేరే మాట. రెండూ కలిసి సంస్కృత సమాసం కాలేదు కాబట్టి టి లఘువుగానే నిలుస్తుంది. గణం ఉంది. ఐదేళ్ళ సంగతి కవికి మాఫీ. అసలు దోషం ఎవరూ పట్టుకోలేదు. రెండో పాదంలో ‘మునిగియున్న గొంతు’ అని వదిలేశాడు, ఆ గొంతు ఏం చేసింది? నాలుగో పాదంలో పాడింది శవం కదా. కర్త గాలిలో వేలాడుతోంది. ‘మునిగియుండ గొంతు’ అనండి చాలు. గొంతు మునిగి ఉండగా, యంత్రం అలజడి తొలగించగా, శవం పాడింది. అక్షరం మారిస్తే అన్వయం దారిలో పడింది.

కాజీపేట:
‘యుండ’. మార్చిన సార్.

పరకాల:
పద్యం సంగతి నాకు తెల్వదు గానీ, ఏఐతో గొంతు తయారు చేసి దాన్ని పాట అనుడేందన్నా? ఆ లెక్కన రేపు ఎవరు పోయినా పాడిస్తరు.

కాజీపేట:
తయారు చేయలేదన్నా, అక్కడే అందరూ పొరబడుతున్నారు. అది లెనన్ పాడిన గొంతే. మిషన్ చేసింది చాట పట్టి చెరగడం. బియ్యం బియ్యమే, రాళ్ళు పక్కకు పోయినయి. లేని గొంతును పుట్టించడం వేరే. 2024లో రహ్మాన్ ఒక తమిళ సినిమా పాటకు బాంబా బాక్యా, షాహుల్ హమీద్ గొంతులను ఏఐతో తెచ్చాడు, ఇద్దరూ అప్పటికే లేరు. కుటుంబాల అనుమతి తీసుకుని డబ్బు కూడా ఇచ్చానని ఆయనే చెప్పాడు. నీ కోపం అటు తిప్పు.

కరీంనగర్:
ఇంకో మాట. ‘నౌ అండ్ దెన్’లో బీటిల్స్ గిటారిస్ట్ జార్జ్ హారిసన్ 1995లో వాయించిన గిటార్ కూడా ఉంది. ఆయన 2001లో పోయాడు. కాజీపేట తమ్ముడు పాడెలు రెండు కట్టాల్సింది.

జనగామ:
నాదొకటి.

విక్రమార్కు భుజము వెదురు పాడెగ నెంచి
వీపు మీద సాగి వేడ్కతోడ
కథలు చాలవనుచు గళమును సవరించి
పాడె మీది శవము పాట పాడె.

హనుమకొండ:
అబ్బ. ఈ సమస్య ఇస్తే ఎవరో ఒకరు బేతాళుణ్ణి దింపుతారని తెలుసు, కానీ చెట్టు మీద శవానికి పాడె ఎక్కడిదని అడుగుదామని కాచుకుని కూర్చున్నా. భుజాన్నే పాడె చేసేశారు. ‘వెదురు’ అనే మాటతో పాడె కళ్ళ ముందుకు వచ్చింది కూడా. క–గ యతి, సవరించుకున్న గొంతు, అన్నీ బాగున్నాయి. ఒక్కటే లోటు, ఇందులో రాక్ ఎక్కడుందండీ? షరతు తప్పారు. బహుమతి ఉంటే ఇచ్చి వెనక్కి తీసుకునేవాణ్ణి.

ఎన్‌ఐటీ కుర్రాడు:
సార్ ఇది నా ఫస్ట్ పద్యం. టెన్షన్‌గా ఉంది.

డ్రమ్ము మోత నడుమ వేదిక మీదికి
నలుగురెత్తి తేగ నవ్వుకొనుచు
లేచి మైకు పట్టి లేత గొంతుక విప్పి
పాడె మీది శవము పాట పాడె.

ఫెస్ట్‌లో ఒక బ్యాండ్ ఇట్లా ఎంట్రీ ఇస్తే ఎలా ఉంటుందని ఊహించి రాశాను.

పరకాల:
తమ్మీ, నీ ఊహ పాతదే. యాభైల్లో అమెరికాలో స్క్రీమిన్ జే హాకిన్స్ అనేటోడు శవపేటికలోంచి లేచి పాడేటోడు. కాకపోతే మన దగ్గర పాడె, వాళ్ళ దగ్గర పెట్టె.

హనుమకొండ:
మొదటి పద్యానికి గణాలన్నీ నిలబడ్డాయి. నేను ఇంటర్‌లో రాసిన మొదటి పద్యం చూస్తే నువ్వు ధైర్యంగా నిద్రపోతావు. మొదటి పాదంలో యతి తప్పింది. డ్ర దగ్గర మొదలుపెట్టి నాలుగో గణంలో ‘వే’ వేశావు. అక్కడ డకారం రావాలి. ఏ మాట వస్తుందో చెప్పను, వరంగల్‌లో పాడె లేస్తే దాని ముందు ఏం నడుస్తుందో గుర్తు చేసుకో.

ఎన్‌ఐటీ కుర్రాడు:
డప్పు!

డ్రమ్ము మోత నడుమ డప్పుల జోరులో

హనుమకొండ:
చూశావా, యతి వెతుక్కుంటూ పోతే భావం కూడా దొరికింది. ఇందాక నీ శవం స్టేజీ మీదికి వచ్చింది గానీ అంతిమయాత్ర లేదు. డ్రమ్ము పక్కన డప్పు పడేసరికి అది మన ఊరి పాడె అయింది. వేదిక అనే మాట పోయిందని దిగులొద్దు, మూడో పాదంలో మైకు ఉంది, చాలు.

కరీంనగర్:
ఇక పోయిన వారం బాకీ తీర్చుకుంటా. పరకాల అన్న కోసం.

క్రొత్త గొంతు వచ్చె, కోపమెందులకన్న?
జనులు మెచ్చుచుండ చాలు నలుక
పాతవాడు లేడు, భామ యీమె సభను
పాడె, మీది శవము పాట – పాడె!

కాజీపేట:
అక్కా! విరుపు!! రెండుసార్లు చదివితే గానీ ఎక్కలేదు. “ఈమె సభలో పాడె. మీది శవము పాట. పాడె.” మొదటి పాడె క్రియ, చివరి పాడె వెదురుది. సమస్యను తలకిందులు చేసేశావు.

హనుమకొండ:
ఇప్పటిదాకా అందరూ శవం చేత పాడించారు. ఈమె ఒక్కతే శవాన్ని పాడనివ్వలేదు. సమస్యలో ఉన్న అసంబద్ధం మొత్తం ‘మీది’ అనే మాట అర్థం మారగానే పోయింది. పైన ఉన్నది అనుకున్నాం, మీకు చెందినది అయింది. ఈ నెలకు ఇదే మేటి పూరణ, ఇంకెవరైనా రాస్తే చూద్దాం గానీ నా మనసు మారేట్టు లేదు.

పరకాల:
పద్యానికి దండం అక్కా. మాటకు మాత్రం కాదు. లింకిన్ పార్క్ పాత గాయకుడు చెస్టర్ 2017 జూలైలో పోయిండు. ఏడేండ్లు నోరు మూసుకుని కూర్చున్నోళ్ళు 2024 నవంబర్‌లో ‘ఫ్రమ్ జీరో’ అని ఆల్బమ్ తెచ్చిన్రు. పేరు మార్చుకుని తేవచ్చు కదా? నేను డిగ్రీల ఉన్నప్పుడు ఆ గొంతు లేకపోతే కొన్ని రాత్రులు గడిచేవి కావు. దాన్ని శవము పాట అన్నవు. నా దగ్గర ఉన్నది శవమైతే, నాకు చాలు.

ఇంకోటి, ‘భామ’ ఏందక్కా? ఆ కొత్త గాయని ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక్క అరుపు అరిస్తే భద్రకాళి చెరువు అవతలికి వినబడ్తది. ఆమెను భామ అంటరా?

కరీంనగర్:
సారీ అన్నా. శవము అన్నది సమస్యలో ఇచ్చిన మాట, నా మాట కాదు. అయినా తగిలిందంటే తగిలినట్టే. ‘భామ’ మాత్రం పూర్తిగా నా తప్పు, పా కు యతి దొరక్క తెచ్చిన భామ.

హనుమకొండ:
‘భామ’ తీసి ‘బ్రతికి’ పెట్టండి. “పాతవాడు లేడు, బ్రతికి యీమె సభను”. ప–బ యతి చెల్లుతుంది, గణమూ నిలుస్తుంది, ఆమె బతికి ఉండి పాడుతోందన్న పోటు కూడా పెరుగుతుంది.

పరకాల గారూ, మీ బాధ అర్థమైంది గానీ ఒక్క లెక్క చూడండి. ఏసీ/డీసీ బ్యాండ్ గాయకుడు బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరిలో పోతే, కొత్త గాయకుడితో ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ అదే ఏడు జూలైలో వచ్చింది. ఐదు నెలలు. దాన్ని మీరే నాకు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చారు.

పరకాల:
అది వేరే సార్.

హనుమకొండ:
ఎట్లా వేరో పద్యంలో చెప్పండి.

సరే, అందరివీ కోసిన తర్వాత నాదీ ఒకటి పెట్టాలి కదా. ‘కాపాడె’ అని విరిచే దారి ఎవరూ పట్టలేదు, నేను పట్టాను.

నడువలేని వాడు నల్ల గద్దియ మీద
కూరుచుండె నూరి కొలువునందు
జనుల కేక యొకటె చచ్చునూపిరిని గా
పాడె, మీది శవము పాట పాడె.

2025 జూలై 5, బర్మింగ్‌హామ్, విల్లా పార్క్. రాక్ గాయకుడు ఆజీ ఆజ్‌బోర్న్ పెరిగిన వీధులు ఆ మైదానం పక్కనే. నిలబడలేక సింహాసనం లాంటి నల్ల కుర్చీలో కూర్చుని పాడాడు. సరిగ్గా 17 రోజులకు, 22న పోయాడు.

జనగామ:
మూడు పాదాలు గుండె పట్టేశాయి. నాలుగోది నిలబడలేదండీ. ‘గాపాడె’ తర్వాత ‘మీది’ అంటే గద్దె మీది అని మూడు పాదాలు వెనక్కి పోయి తెచ్చుకోవాలి. పైగా ఊపిరి కాపాడబడినవాడు శవం ఎట్లా అయ్యాడు?

హనుమకొండ:
దొరికిపోయాను. రాబోయే శవం అని సమర్థించుకుందామనుకున్నా, వద్దు.

జనగామ:
ఇందాక షరతు తప్పానన్నారు. నిజమే. సమస్య చూడగానే నాకు రాక్ గుర్తు రాలేదు, ఇంకోటి గుర్తొచ్చి దాన్ని తప్పించుకోవడానికి బేతాళుణ్ణి పట్టుకున్నా. మా తాత ఒగ్గు కథ చెప్పేవాడు. కొమురవెల్లి మల్లన్న కథ తెల్లార్లూ నడిచేది. మా చిన్నాన్న ఒకసారి టేప్ రికార్డర్ పెట్టి ఒక్క క్యాసెట్ నింపాడు. తాత పోయాక, దినాల నాడు దాన్ని పెట్టారు. టేపు మెలికపడి ఉంటే రెనాల్డ్స్ పెన్ను దూర్చి తిప్పింది నేనే. రెండు నిమిషాలు కాలేదు, నాయనమ్మ లోపలి నుంచి వచ్చి “ఆపుండ్రి, పాడె మీదికెళ్ళి లేచి పాడినట్టుంది” అంది.

మళ్ళీ ఎవరూ పెట్టలేదు. ఆమె కూడా పోయింది. కాజీపేట తమ్ముడు చెప్పిన సాఫ్ట్‌వేర్ లాంటిది ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతోంది కదా, ఆ మధ్య క్యాసెట్‌ను ఎక్కించి చూశా. గొంతు అద్దంలా వచ్చింది. కానీ అందులో, తాత ఊపిరి తీసుకునే చోట నాయనమ్మ దగ్గు ఒకటి ఉండేది. అది పోయింది. పోనీలే అని డోలు వింటే అదీ సగం పోయింది. శుభ్రం చేసిన ఫైల్ డిలీట్ చేశా.

తమ్ముడి పద్యంలో నా వరకు ఒక్క మాట మార్చుకున్నా, కోపం రావద్దు.

యంత్రమొకటి వచ్చి యలజడి మిగిలించి

కాజీపేట:
కోపమెందుకన్నా. గణం కూడా సరిపోయింది. కాకపోతే యంత్రం అలజడి మిగిలిస్తే లెనన్ పాట రాదు, 1995లో ఆగినట్టే ఆగుతుంది.

జనగామ:
అవును. లెనన్‌కు తొలగింప, మా తాతకు మిగిలించి.

ఎన్‌ఐటీ కుర్రాడు:
అన్నా, ఆ హోరు ఉన్న ఫైల్ ఉంటే పంపుతారా? డోలు వినాలని ఉంది.

జనగామ:
ఆదివారం రా, క్యాసెట్టే పెడతా. పెన్ను తెచ్చుకో.

హనుమకొండ:
వచ్చే నెల సమస్య. మళ్ళీ ఆటవెలదే.

రాళ్ళు రువ్వ రాగరసము చిందె

పరకాల:
రాళ్ళంటే రోలింగ్ స్టోన్స్ బ్యాండేనా సార్? 2023 అక్టోబర్‌లో వచ్చిన వాళ్ళ ఆల్బమ్ ‘హ్యాక్నీ డైమండ్స్’ నేను వినుడు కూడా అయిపోయింది.

హనుమకొండ:
అది నేనే చెప్పేస్తే సమస్య ఎందుకండీ? ముందు ఏసీ/డీసీ బాకీ తీర్చండి.