పాకే బాబు, కుక్క, పిల్లి: మధ్యాహ్నం ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు అందర్నీ ఒకే హాల్లో వదలొచ్చా?

బుజ్జిగాడి_అమ్మ
బాబుకి తొమ్మిదో నెల, పాకుతున్నాడు. ఇంట్లో ఐదేళ్ళ లాబ్రడార్, రెండేళ్ళ నాటు పిల్లి ఉన్నాయి. రెంటికీ టీకాలు, నట్టల మందు వేళకి పడుతున్నాయి. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా ఇంట్లో నేనొక్కదాన్నే. బాబు నిద్ర, బాబు అన్నం, కుక్క తిండి, కొరియర్ బెల్లు, అన్నీ ఆ మూడు గంటల్లోనే. కలిసే పెరగనివ్వమని ఇంట్లో ఒకరంటారు, గుమ్మానికి గేటు పెట్టమని ఇంకొకరు. తెలిసినవాళ్ళు చెప్పండి.

వేపచెట్టు
గేటు పెట్టండమ్మా, ఈ వారంలోనే. రెండు రకాలు దొరుకుతాయి. స్క్రూలు లేకుండా రెండు వైపులా బిగుతు మీద నిలబడేది ఒకటి, ద్వారబంధానికి బిగించేది ఒకటి. మొదటిది వద్దు. ముప్పై కిలోల కుక్క రెండు ముందుకాళ్ళూ వేసి తోస్తే ఊడొస్తుంది. వార్నిష్ వేసిన టేకు మీద దాని రబ్బరు బిళ్ళలు కొన్ని రోజులకే జారడం మొదలుపెడతాయి. నిలువు కడ్డీలదే తీసుకోండి, అడ్డ కడ్డీలుంటే నిచ్చెనెక్కినట్టు ఎక్కేస్తాడు. కడ్డీల మధ్య సందు ఆరు సెంటీమీటర్ల లోపే ఉండాలి, ఎక్కువైతే తల ఇరుక్కుంటుంది. మన ఇళ్ళలో ఇంకో చిక్కు గడప. గేటు గడప మీద సరిగ్గా కూర్చోదు, గడపకి లోపలి వైపు బిగిస్తే కింద సందు రాదు. కొనేముందు గుమ్మం వెడల్పు కింద, నడుమ, పైన, మూడు చోట్లా కొలవండి. పాత గుమ్మాలు మూడు చోట్లా ఒకేలా ఉండవు.

గోదారిగట్టు
గేటుతో మొదలుపెట్టడమే తప్పు. ఐదేళ్ళు ఇల్లంతా తిరిగిన కుక్కని ఒక్కసారిగా గేటు అవతల పెడితే, బాబు కనబడ్డప్పుడల్లా తనని బయటికి తోస్తారని దానికి నాటుకుపోతుంది. ముందు చాప నేర్పండి. హాల్లో ఫ్యాను కింద ఒక మూల మందపాటి చాప వేయండి. 'చాప' అనగానే వెళ్ళి పడుకుంటే ఆ క్షణంలోనే ఉప్పు వేయకుండా ఉడికించిన కోడిమాంసం, చిటికెన వేలి గోరంత ముక్క. రోజుకి రెండు సార్లు, ఐదేసి నిమిషాలు చాలు. మొదట బాబు లేకుండా, తర్వాత బొమ్మ ఒకటి నేల మీద లాగుతూ, ఆ తర్వాత బాబు ఒకరి ఒళ్ళో ఉండగా నేర్పాలి. ఒక మెట్టు గట్టిపడందే పై మెట్టుకి పోవద్దు. బాబుని కళ్ళ ముందే ఉంచుకుంటే చాలు.

ఇంకో సంగతి. స్వీడన్‌లో 2015లో వచ్చిన పెద్ద పరిశీలనలో, మొదటి ఏడాది ఇంట్లో కుక్క ఉన్న పిల్లలకి బడి వయసులో ఆస్తమా 13 శాతం తక్కువ కనబడింది.

మెదక్_పిలగాడు
మా దిక్కు గీ లొల్లి లేదు. వాకిట్ల గొలుసేసి కట్టేస్తరు.

వేపచెట్టు
తమ్ముడూ, కట్టేసిన కుక్క దగ్గరికి పాకే పిల్లాడు వెళ్తే వెనక్కి తప్పుకునే దారి కుక్కకి ఉండదు, అప్పుడే కరుస్తుంది. కట్టేయడం అన్నిటికంటే చెడ్డ ఉపాయం.

గోదారిగట్టు గారూ, ఆస్తమా గురించి ఆవిడ అడగలేదు. అడిగింది ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా సంగతి. బెల్లు మోగగానే ఏమవుతుందో చూడండి. కుక్క లేచి తలుపు దాకా పరుగు తీస్తుంది, నున్నటి టైల్స్ మీద కాళ్ళు జారతాయి, దారిలో బాబు ఉంటాడు. కరవాలన్న ఉద్దేశం దానికి ఉండక్కర్లేదు, తుంటితో తగిలినా తొమ్మిది నెలల పిల్లాడి తల నేలకి కొట్టుకుంటుంది. చాప మీద ఉండమంటే బెల్లు మోగినా ఉంటుందా?

గోదారిగట్టు
నేర్పితే ఉంటుంది. బెల్లు శబ్దం ఫోన్లో రికార్డు చేసి, మొదట వినీ వినబడనంత చిన్నగా పెట్టి, చాప మీదే ముక్క ఇస్తూ రోజురోజుకీ పెంచండి. అంతదాకా కొరియర్ వాళ్ళకి బెల్లు కొట్టొద్దని, ఫోన్ చేయమని తలుపు మీద కాగితం అంటించండి. కళ్ళ ముందు ఉంచుకుంటే ఏ గేటూ అక్కర్లేదు.

పశువుల_దవాఖాన
గేటా చాపా అని మీరిద్దరూ పట్టుకు కూర్చున్నారు, గుర్రు గురించి ఎవరూ అనలేదు. కుక్క గుర్రుమంటే కొట్టకండి, అరవకండి. గుర్రు అంటే 'నాకు ఇబ్బందిగా ఉంది, తీసెయ్యండి' అని చెప్పడం. కొట్టి మాన్పిస్తే ఈసారి చెప్పకుండా కరుస్తుంది. దానికంటే ముందు వచ్చే గుర్తులు ఇంకా చిన్నవి. తిండి లేకుండానే పెదాలు నాక్కుంటుంది, నిద్ర లేకుండానే ఆవలిస్తుంది, తల పక్కకి తిప్పి కంటికొనలో తెల్లగుడ్డు నెలవంకలా కనబడేలా చూస్తుంది. ఆఖరున ఒళ్ళు బిర్రబిగుసుకుంటుంది, తోక ఆగిపోతుంది. ఆ తెల్లగుడ్డు కనబడ్డప్పుడే బాబుని ఎత్తుకోండి. కుక్కని లాగకండి.

తిండి: బాబు నిద్రలో ఉన్నప్పుడే, తలుపు వేసి పెట్టండి. పావుగంటలో గిన్నె తీసేయండి. గింజల్లాంటి పొడి తిండి బాబు గొంతుకి అడ్డం పడుతుంది, గిన్నె దగ్గరికి పాకితే కుక్కకి కోపమూ వస్తుంది. బాబు తినేటప్పుడు కుర్చీ కింద కుక్కని తిరగనివ్వకండి. కింద పడింది తినడం అలవాటైతే రేపు బాబు చేతిలోది లాక్కుంటుంది. పైగా ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లిపాయ కుక్కకి విషం.

రాత్రి_షిఫ్టు
పిల్లి సంగతి ఒక్కరూ చెప్పట్లేదు.

పశువుల_దవాఖాన
చెప్తాను. పిల్లి బిడ్డ ఊపిరి తాగేస్తుందన్నది వట్టి నమ్మకం. కానీ వెచ్చగా ఉందని ఉయ్యాల్లో దూరి పక్కన పడుకోవడం మాత్రం నిజంగా జరుగుతుంది. చీర ఉయ్యాలైతే గుడ్డ ముడుచుకుని బిడ్డ మొహం మీదికి వస్తుంది. బాబు పడుకున్న గది తలుపు వేసేయడమే దారి. గొడుగు దోమతెర పిల్లి బరువుకి ఆగదు.

పిల్లి మలం తొట్టి రోజూ శుభ్రం చేయాలి. టాక్సోప్లాస్మా అని పిల్లి మలం ద్వారా మనుషులకి సోకే సూక్ష్మజీవి ఒకటుంది. అది మలంలోంచి వచ్చిన మొదటి రోజు అంటుకోదు, అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. రోజూ తీసేస్తే ఆ దారి మూసుకుంటుంది.

నేల తుడవడానికి ఫినాయిల్ వద్దు. పిల్లి తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటుంది, అది దానికి విషం. బాబూ అదే నేల మీద చేతులు పెట్టి నోట్లో పెట్టుకుంటాడు. సబ్బు నీళ్ళతో తుడిచి, మంచినీళ్ళతో మళ్ళీ తుడవండి. కుక్కకి వేసే పిడుదుల మందులో పెర్మెత్రిన్ ఉందేమో సీసా మీద చదవండి. ఉంటే పిల్లి ఉన్న ఇంట్లో వాడకూడదు, పిల్లి వణికి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది.

కడప_కారం
గీరితే ఏం చేయాలి? టీకా వేసిన కుక్కే కదా అని ఊరుకోవచ్చా?

పశువుల_దవాఖాన
ఊరుకోవద్దు. పారే నీళ్ళ కింద సబ్బుతో పావుగంట కడగాలి, గడియారం చూసి పావుగంట. పసుపు, సున్నం, కారం ఏవీ పెట్టొద్దు, కట్టు కట్టొద్దు. పుండు లేని చర్మాన్ని నాకితే కడిగితే చాలు. రక్తం రాకుండా గీరినా, చర్మం నొక్కుకుపోయేలా కొరికినా బాబుకి రేబిస్ టీకా మొదలుపెట్టాలి. రక్తం వస్తే, లేదా పుండు మీదో నోటి లోపలో నాకితే, టీకాతో పాటు గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్ వైరస్‌ని వెంటనే అడ్డుకునే యాంటీబాడీల మందు) కూడా వేస్తారు. చర్మంలోకి వేసే టీకా అయితే 0, 3, 7, 28 రోజుల్లో. కండలోకి వేసేదైతే చిన్నపిల్లలకి తొడ పక్క భాగంలో వేయాలి, పిరుదులో కాదు. సర్కారు ఆసుపత్రుల్లో ఉచితం. హైదరాబాద్ వాళ్ళకి నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఉంది. పెంపుడు కుక్కని పదిరోజులు గమనిస్తాం, కానీ ఆ పదిరోజులూ టీకా ఆపి కూర్చోకూడదు.

గోదారిగట్టు
ఇవన్నీ సరే. మళ్ళీ అంటున్నాను, కళ్ళ ముందే ఉంచుకుంటే ఇంత భయం అక్కర్లేదు. వేపచెట్టు గారికి ప్రతి కుక్కా పులిలా కనబడుతోంది.

వేపచెట్టు
'కళ్ళ ముందే ఉంచుకోండి' అని మూడోసారి రాశారు. ఎవరి కళ్ళ ముందండీ? మధ్యాహ్నం ఆ ఇంట్లో ఉన్నది ఒక్క మనిషి. ఆవిడ పొయ్యి మీద పాలు చూసుకోవాలి, బాబు గుడ్డ మార్చాలి, స్నానాల గదికి వెళ్ళాలి. మూడు గంటలు రెప్ప వేయకుండా చూడమనడం సలహా కాదు, ఆవిడ నెత్తిన ఇంకో మూట పెట్టడం. రేపు ఏదైనా జరిగితే అదే నోటితో 'తల్లి చూసుకోలేదు' అంటారు. ఇళ్ళలో జరిగేది అదే. నిద్ర లేని మనిషి కళ్ళ మీద బిడ్డ ప్రాణం పెట్టకండి, గేటు మీద పెట్టండి. గేటుకి నిద్ర రాదు.

గోదారిగట్టు
నేనలా అనలేదు.

వేపచెట్టు
అన్నారు. పైకెళ్ళి చదువుకోండి.

గోదారిగట్టు
చదివాను. చూసేది ఒక్క మనిషేనని నేను రాయలేదు, అది నా తప్పే. గేటంటే నా భయం వేరే, అదీ చెప్పేస్తాను. షెల్టర్లలో పనిచేసేవాళ్ళకి ఈ వరస తెలుసు. మొదట గేటు వస్తుంది. తర్వాత వెంట్రుకలని బాల్కనీ. మే నెలలో మధ్యాహ్నం బాల్కనీ రాయి మీద కుక్క పాదాలు కాలతాయి, అది రొప్పుతుంది, చిరాకు పడుతుంది, గుర్రుమంటుంది. అప్పుడు 'చూశారా, కరిచేలా ఉంది' అని ఊళ్ళో తోటకి పంపేస్తారు. తోటలో గొలుసు తెంచుకుని రోడ్డెక్కుతుంది. ఐదేళ్ళు మంచం కింద పడుకున్న కుక్కకి రోడ్డు మీద బతకడం రాదండీ. నా బాధ అదీ.

వేపచెట్టు
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత పోట్లాట ఉండేది కాదు. కుక్కని వెళ్ళగొట్టమని నేనెక్కడా అనలేదు. అయితే గేటు ఎవరిని లోపల పెడుతుందన్నదే అసలు ప్రశ్న. బాబుని పెట్టాలి, కుక్కని కాదు. పడగ్గది గుమ్మానికి గేటు, లోపల బాబు, బొమ్మలు. హాలు, ఫ్యాను, చాప, నీళ్ళ గిన్నె కుక్కవే. కడ్డీల సందులోంచి ఒకరికొకరు కనబడతారు, వాసన తెలుస్తుంది.

గోదారిగట్టు
అలాగైతే ఒప్పుకుంటాను. గేటు వేసిన ప్రతిసారీ కుక్కకి చాప మీద ముక్క పడాలి. గేటు చప్పుడంటే దానికి మంచి కబురు కావాలి. సాయంత్రం రెండో మనిషి వచ్చాక గేటు తీసి, బాబుని ఒళ్ళో పెట్టుకుని పది నిమిషాలు కలిపి కూర్చోబెట్టండి. కుక్క తనంతట తాను దగ్గరికి రావాలి, బాబుని దాని దగ్గరికి తీసుకెళ్ళొద్దు.

రాత్రి_షిఫ్టు
కుక్క నీళ్ళ గిన్నె హాల్లో ఉంటే గేటు తీసిన వేళలో ఎత్తి పెట్టండి. స్నానాల గదిలో బకెట్ బోర్లించండి. రెండు అంగుళాల నీళ్ళున్నా చాలు, తలకిందులుగా పడితే పిల్లాడు లేవలేడు.

మెదక్_పిలగాడు
కట్టేయొద్దంటే సమజైంది అక్కా. మా అన్న కొడుకు గిప్పుడే పాకుతుండు, ఇంట్ల జెప్త.

బుజ్జిగాడి_అమ్మ
గుమ్మం కొలిచాను. కింద 34 అంగుళాలు, నడుమ 34, పైన 33 ముప్పావు. స్క్రూలదే తెప్పిస్తున్నాం, వడ్రంగి ఆదివారం వస్తానన్నాడు. బెల్లు వద్దని తలుపు మీద కాగితం అంటించాను. వేపచెట్టు గారు రాసింది ఇంట్లో ఆయనకి చదివి వినిపించాను. రెండున్నరకి కుక్క తిండి తనే వచ్చి పెడతానన్నారు, ఆఫీసు పది నిమిషాల దూరమే. ఒక్కటే మిగిలింది: పిల్లి ఆ గేటు దూకేస్తుంది కదా, బాబు నిద్రపోయేటప్పుడు గేటుతో పాటు తలుపూ వేస్తే గాలి ఆడుతుందా?

పశువుల_దవాఖాన
తలుపు వేసి కిటికీ తీయండి. కిటికీకి దోమల జాలీ గట్టిగా ఉందో లేదో చూడండి, పిల్లి ఆ వైపు నుంచీ వస్తుంది.