రెయిన్ జాకెట్ మీద నీళ్లు మళ్లీ నిలవకుండా జారిపోవాలంటే ఏం చేయాలి?

ఆరేళ్లుగా వాడుతున్న నా మూడు పొరల గోర్‌టెక్స్ (వాననీటిని ఆపి, చెమట ఆవిరిని బయటికి వదిలే బట్ట) జాకెట్ మీద ఒకప్పుడు చినుకులు తామరాకు మీది బొట్లలా నిలిచి, దులిపితే రాలిపోయేవి. ఇప్పుడు బ్యాగు పట్టీలు ఒరుసుకునే భుజాల దగ్గర పైబట్ట పది నిమిషాలకే నీళ్లు పీల్చుకుని నల్లబడుతోంది. లోపలి పొర ఎక్కడా చిరగలేదు, కుట్ల మీది టేపు ఊడలేదు కనుక, పోయింది నీళ్లను జార్చే పైపూత మాత్రమేనని నా నమ్మకం. ఇన్నాళ్లూ మామూలు సబ్బుపొడితో, రెండు మూడు సార్లు ఫ్యాబ్రిక్ కండిషనర్‌తో ఉతకడం నా పొరపాటే.

ముందు నిక్‌వాక్స్ టెక్ వాష్‌తో (ఇలాంటి జాకెట్ల కోసమే చేసిన ఉతికే ద్రవం) ఉతికి, సబ్బు అంశ పూర్తిగా వదిలాక కొత్త పూత వేయాలనుకుంటున్నాను. మిగిలివున్న పాత పూత వేడి తగిలితే కొంత కోలుకుంటుందంటారు గానీ, హైదరాబాద్‌లోని మా ఇంట్లో డ్రయ్యర్ లేదు. పలుచని నూలు గుడ్డ పరిచి, ఆవిరి లేకుండా తక్కువ వేడితో ఇస్త్రీ చేస్తే సరిపోతుందా? కొత్త పూత కోసం ఉతికే నీళ్లలో కలిపే ద్రవం చెమటను పీల్చే లోపలి వైపుకూ పట్టేస్తుంది కాబట్టి స్ప్రే మేలని నాకు అనిపిస్తోంది. రెండూ వాడి చూసినవారు ఏమంటారు?

ఆగస్టు వానల్లో ఉత్తరాఖండ్ పూల లోయకు, నాలుగు వేల మీటర్లు దాటిన ఎత్తులోని సిక్కుల గురుద్వారా హేమకుండ్ సాహిబ్‌కు మా అమ్మతో కలిసి వెళ్తున్నాను. ఈ జాకెట్ ఆమె కోసమే. దయచేసి అనుభవమున్నవారు చెప్పండి.